పచ్చగా ఉంటే చాలు

"మిగతా విమానాల పొగగొట్టాలు ఎప్పుడైనా చూశారా?" అని అడిగాను.

ఫ్లైట్ లెఫ్టినెంట్ హార్డేకర్ చూడలేదు. చూడలేదని ఒప్పుకునే రకం కూడా కాదు. చేతిరుమాలు మడత పెట్టుకుంటూ, "నేను మనుషుల్ని చూస్తాను సార్జెంట్. పొగగొట్టాల్ని మెకానిక్కులు చూసుకుంటారు" అన్నాడు.

వంబూలా వైమానిక స్థావరం రన్‌వే చివర, గడ్డిలో ముక్కు గుచ్చుకుని పడి ఉన్న ఫైటర్ విమానం ముందు నిలబడి ఉన్నాం. రెండు రోజుల కిందట పైకి లేస్తూనే కూలిపోయింది. మంట అంటుకోలేదు గానీ పైలట్ రెగ్ టిండేల్ బతకలేదు. అతనికి ఇరవై రెండేళ్లు.

హార్డేకర్ బ్రిస్బేన్ నుంచి దిగిన ఆస్ట్రేలియా వైమానిక దళం సెక్యూరిటీ ఆఫీసరు. నేను టౌన్స్‌విల్ పోలీసుని. డిటెక్టివ్ సార్జెంట్ ట్రెలోర్ అంటే ఊళ్లో టాక్సీ డ్రైవర్లందరికీ తెలుసు, ఎందుకంటే యుద్ధం మొదలయ్యాక నా ఉద్యోగమంతా దొంగ పెట్రోల్ పట్టుకోవడమే. ఈ మధ్య ఊళ్లో ఒక వింత పెట్రోల్ తిరుగుతోంది. నీళ్లలా తెల్లగా ఉంటుంది, ఎక్కణ్ణించి వస్తుందో ఎవరూ చెప్పరు. దాని వెంట పడి పడి ఈ రన్‌వే దాకా వచ్చేసరికి ఇక్కడ ఒక కుర్రాడు చచ్చిపోయి ఉన్నాడు. ఇంకో కుర్రాడి చేతులకి బేడీలున్నాయి.

విమానం పొగగొట్టంలో వేలు పెట్టి తీశాను. వేలు నల్లగా, జిడ్డుగా వచ్చింది.

"ఏముంది అందులో? మసి" అన్నాడు హార్డేకర్.

"మసే. అదే వింత. లోరిమర్ గారూ, మీరు చెప్పండి."

లోరిమర్ ఇక్కడి ఇంజనీరింగ్ ఆఫీసరు. బక్కపల్చటి మనిషి, రెండు రోజులుగా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. "పచ్చ పెట్రోల్ కాలితే పొగగొట్టంలో బూడిదరంగు పొర కడుతుంది. సీసం వల్ల. మా మిగతా విమానాలన్నిట్లో అలాగే ఉంది. దీన్లో మాత్రం మసి. ఇంజన్ విప్పి చూశాం, పిస్టన్లకి చిల్లులు పడ్డాయి. నాకింగ్. ఇంకో మాట లేదు" అన్నాడు.

యుద్ధ విమానం ఇంజన్ గాలిని కుక్కి కుక్కి లోపలికి తోస్తుంది. ఆ ఒత్తిడికి మామూలు పెట్రోల్ తన వంతు రాకముందే పేలిపోతుంది. దాన్నే నాకింగ్ అంటారు, ఒక్కో పేలుడూ పిస్టన్ నెత్తిన సమ్మెట దెబ్బే. అలా పేలకుండా ఆపడానికే పెట్రోల్లో సీసం మందు కలుపుతారు. ఆ మందుతో పాటే పచ్చరంగూ వస్తుంది. అందుకే ఇక్కడ చిన్నా పెద్దా అందరికీ ఒకటే నమ్మకం. పచ్చగా ఉంటే మంచిది.

"టాంకులో మిగిలిన పెట్రోల్ పచ్చగానే ఉంది కదా?" అన్నాను.

"పచ్చగానే ఉంది" అన్నాడు లోరిమర్.

"ఉంటుంది మరి! అందులో ఏదో కలిపాడు" అని అందుకున్నాడు హార్డేకర్. "నింపింది ఎవడు? విన్సెంజో బ్రెసాన్. ఆ ఇటలీ పేరు ఒక్కసారి పైకి పలకండి సార్జెంట్. వాడి నాన్న ఎక్కడున్నాడో తెలుసా? దక్షిణాన ముళ్లకంచె వెనకాల, శత్రుదేశస్థుల క్యాంపులో. ఇంకేం కావాలి మీకు?"

"ఋజువు కావాలి" అన్నాను.

"మీ టాక్సీ డ్రైవర్లని పట్టుకోవడం కాదు ఇది."

"కాదు. టాక్సీ డ్రైవర్లని పట్టుకోవాలంటే తెలివి కావాలి."

లోరిమర్ అటు తిరిగి దగ్గాడు. హార్డేకర్ నవ్వలేదు. వాడి కులాసా పాడుచేసినందుకు నాకు కొంచెం కూడా బాధ కలగలేదు.

కాపలా గుడారంలో విన్స్ బ్రెసాన్ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చెరకు కోసే ఇంటి పిల్లవాడు, భుజాలు చూస్తేనే తెలుస్తుంది. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను.

"ఏమైనా తాగావా పొద్దున్నించి?"

"నీళ్లిచ్చారు సార్. టీ ఇవ్వలేదు. ఇటలీవాడికి టీ ఎందుకురా అన్నారు." కొంచెం నవ్వాడు. "నేను పుట్టింది ఇక్కడే, ఇంగమ్‌లో సార్. ఇటలీ ఏ పక్కనుంటుందో కూడా నాకు తెలీదు."

"రెగ్ విమానానికి నువ్వే నింపావా?"

"నేనే. ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేవాడు కాదు. విన్స్ నింపితేనే ఎక్కుతానని అందరి ముందూ అనేవాడు సార్." మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను తొందరపెట్టలేదు.

"ఎలా నింపావో చెప్పు. అన్నీ చెప్పు, నాకు తెలుసులే అనుకుని ఏదీ వదలకు."

"పీపా మూత తీసి ముందు కొంచెం జామ్ సీసాలోకి పడతాం. సీసా ఎండకి ఎత్తి చూపిస్తాం. పచ్చగా ఉంటే పైలట్ బొటనవేలు ఎత్తుతాడు. ఇక్కడ అందరం అంతే సార్. ఆ తర్వాత గరాటులో తోలుగుడ్డ వేసి పోస్తాం. నీళ్లేమైనా ఉంటే తోలుగుడ్డ మీద ఆగిపోతాయి."

"ఆ రోజు రంగు ఎలా ఉంది?"

"పచ్చగానే ఉంది. ఒక పిసరు లేత పచ్చేమో... ఎండ ఎక్కువగా ఉంది, అందుకనుకున్నా."

"తోలుగుడ్డ ఏం చేశావు?"

"పిండి నా గుడారం తాడు మీద వేశాను. ఇంకా అక్కడే ఉంటుంది. మామూలుగా అయితే ఇలా వేసి అలా తిరిగేలోపల ఆరిపోతుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఆరలేదు. ఉక్క పోస్తోందిగా, దానివల్లనేమో అనుకున్నా."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్పను సార్? సాయంత్రానికి చేతులకి ఇవి వేశారు." బేడీలు ఎత్తి చూపించాడు. తర్వాత చాలా మామూలుగా, రైలు ఎన్నింటికని అడిగినట్టు అడిగాడు. "నన్ను ఉరి తీస్తారా?"

యుద్ధకాలంలో విమానాన్ని కూల్చాడని తేలితే శిక్ష అదే. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తీయాలని చూసేవాళ్లున్నారు. తీయనివ్వకూడదని నేను చూస్తున్నాను" అన్నాను. వాడు తలూపాడు. బయటికి వస్తూ కాపలావాడికి చెప్పి టీ తెప్పించాను. నా చేత్తోనే మూడు చెంచాల పంచదార వేశాను.

తోలుగుడ్డ తాడు మీదే ఉంది. చేత్తో నలిపితే వేళ్లకి జిడ్డు అంటింది. వాసన చూశాను. చిన్నప్పుడు మా అమ్మ లాంతరు తుడిచిన గుడ్డ వాసన.

నేనూ లోరిమరూ పీపాలు నిలవ చేసే చోటికి వెళ్లాం. చెట్ల కింద రెండు వరసలు. వెనక వరసలో ఎనిమిది పీపాలు, టిండేల్ విమానానికి నింపింది ఆ వరసలోంచే. ముందు వరసలో మరో ఎనిమిది, రైల్లో వచ్చి రెండు మూడు రోజులైంది. నా జేబులో పాత న్యూస్ పేపరు ఉంది. వెనక పీపా ఒకదాని మూత తీయించి, పేపరు మీద రెండు చుక్కలు వేశాను. ముందు పీపా తీయించి ఇంకో చోట రెండు చుక్కలు వేశాను. రెండూ పచ్చగానే ఉన్నాయి. పేపరుని ఎండలో పట్టుకున్నాను.

ముందు పీపా చుక్కలు చూస్తుండగానే ఎగిరిపోయాయి. వెనక పీపా చుక్కల చుట్టూ వడ తీసిన కాగితం మీదలాగా నూనె మరక మిగిలింది.

"కిరసనాయిలు" అన్నాను.

లోరిమర్ మొహంలో రక్తం లేదు. "అది కలిస్తే సీసం ఉన్నా ఏం లాభం? ఇంజన్ని చంపేస్తుంది. అసలు పేపరు మీద చుక్క వేసి చూద్దామన్న ఆలోచన నాకెందుకు రాలేదు?" అన్నాడు.

"మీరు దొంగల మధ్య బతకలేదు, అందుకు. ఇది ఊళ్లో పాత పద్ధతే. రేషన్లో రైతులకి ట్రాక్టర్ కోసం కిరసనాయిలు ఇస్తారు, పెట్రోల్ ఇవ్వరు. పీపాలోంచి మూడో వంతు పెట్రోల్ తీసి రైతుకో టాక్సీవాడికో అమ్ముతారు. ఖాళీ అయిన చోట రైతు ఇచ్చిన కిరసనాయిలు పోస్తారు. రంగు కాస్త లేతబడుతుంది గానీ పచ్చగానే ఉంటుంది. ఇక్కడ అందరూ చూసేది అదొక్కటే కదా."

ఎనిమిది పీపాలూ వరసగా తీయించాను. ఎనిమిదింటికీ నూనె మరకే. ముందు వరస ఎనిమిదీ శుభ్రంగా ఉన్నాయి. చివరి చుక్క ఆరుతుండగా వెనకనించి ఒక నవ్వు వినిపించింది.

"ఏం గురూ, పేపరు చదువుతున్నారా పీపాల దగ్గర? గుర్రప్పందేల పేజీ అయితే నాకూ ఇవ్వండి!"

వారెంట్ ఆఫీసర్ పెర్స్ వాడ్లీ. ఇక్కడి స్టోరంతా ఆయన చేతిలోనే ఉంటుంది. పెట్రోల్ నుంచి పళ్లపొడి దాకా ఆయన ఇస్తేనే ఎవరికైనా. గుండ్రటి మనిషి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి చొక్కా. ఈ దుమ్ములో అంత శుభ్రంగా ఎలా ఉంటాడో అని నాకు ఆశ్చర్యం వేసింది. నా చేతిలో పేపరు వంక ఒక్క చూపు చూశాడు, నవ్వు మాత్రం తగ్గలేదు.

"ఈ రంగుల గొడవేంటో చెప్పండి వాడ్లీ గారూ" అన్నాను.

"పెట్రోల్ పెట్రోలే సార్జెంట్. పచ్చదైనా నీలందైనా అగ్గిపుల్ల గీస్తే మండేదే. రంగు వేసేది చదువురాని వాళ్లు కలిపేసుకోకుండా. నేను ముప్పై ఏళ్లుగా స్టోర్లు చూస్తున్నా, ఇంతకంటే పెద్ద రహస్యమేం లేదు."

లోరిమర్ ఏదో అనబోతే మోచేత్తో ఆపాను. వాడ్లీ నాకు నచ్చాడు, నిజం చెప్పాలంటే. అలాంటివాళ్లు అందరికీ నచ్చుతారు.

మధ్యాహ్నం భోజనం స్నోవీ దగ్గర. వంటవాడు స్నోవీ అసలు పేరు ఎవరికీ తెలీదు, తెల్లజుట్టు వల్ల ఆ పేరు వచ్చింది. డబ్బా మాంసం, ఉడికీ ఉడకని బంగాళాదుంపలు పెట్టి, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకుండానే తిట్లు లంకించుకున్నాడు.

"దుంపలు పచ్చిగా ఉన్నాయనకండి అన్నా. నన్నేం చేయమంటారు? ఈ దిక్కుమాలిన స్టవ్వులు రెండు వారాలుగా నన్ను చంపుకు తింటున్నాయి. పిన్ను పెట్టి పొడవడం, వెలిగించడం, మళ్లీ పూడుకోవడం. నా పెళ్లాం కూడా ఇంత సతాయించలేదు."

"ఏం పూడుకుంటోంది?"

"చూడండి." బర్నర్ విప్పి నా కంచం పక్కనే పెట్టాడు. నాజిల్ చుట్టూ బూడిదరంగు పక్కు గట్టిగా పట్టుకుని ఉంది. పొద్దున లోరిమర్ చెప్పిన రంగు అదే. నేను తినడం ఆపేశాను.

"స్టవ్వుకి ఏ పెట్రోల్ పోస్తావు?"

"తెల్లది. ఎప్పుడూ తెల్లదే. రంగు పెట్రోల్ స్టవ్వులో పోయొద్దని, ఆ పొగ విషమని బోర్డు రాసి మరీ పెట్టారుగా." డబ్బా తెచ్చి చూపించాడు. నీళ్లలా ఉంది. టౌన్స్‌విల్ టాక్సీల్లో నేను పట్టుకున్నది అచ్చం ఇలాగే ఉంటుంది.

"ఈ డబ్బా ఎక్కడిది?"

"స్టోరుదే. ఇంకెక్కడిది? పెర్స్ పంపిస్తాడు. ఏం, అందులో ఏమైనా ఉందా అన్నా?"

అందులో సీసం ఉంది. పెట్రోల్ని బొగ్గుపొడిలోంచి వడకడితే రంగు పోతుంది, సీసం పోదు. ఊళ్లో గ్యాస్ మాస్కు డబ్బాల్లోంచి బొగ్గు తీసి ఆ పని చేసేవాళ్లని నేను లోపలేశాను. ఇక్కడ దొంగ తన సరుకుకి రంగు తీస్తున్నాడు. దానికి ముందే వంటింటికి రావలసిన తెల్ల పెట్రోల్ కూడా అమ్మేసుకున్నాడు కాబట్టి, స్నోవీ నోరు మూయించడానికి తన సరుకులోంచే కొంచెం పంపాడు. పెట్రోల్ పెట్రోలే అని నమ్మిన మనిషి మాత్రమే చేయగల తప్పు ఇది. సీసం సంగతి తెలిసినవాడు ఆ పెట్రోల్ని చచ్చినా స్టవ్వుకి పంపడు, విమానంలో కిరసనాయిలు పోయడు. వాడికి రెగ్ టిండేల్‌ని చంపాలని లేదు. ఇదంతా వాడికి రంగునీళ్ల వ్యాపారం, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. కడుపుమంటతో చంపినవాణ్ణి అర్థం చేసుకోవచ్చు. గమనించకుండా చంపినవాణ్ణి ఏం చేయాలి?

"దుంపలు బాగానే ఉన్నాయి స్నోవీ" అని లేచాను.

హార్డేకర్‌కి అంతా చెప్పాను. పేపరు మరకలు, తోలుగుడ్డ, బర్నరు పక్కు. ఓపిగ్గా విన్నాడు. విన్నాక చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"అద్భుతం! కిరసనాయిలు కలిసిందని మీరే ఋజువు చేశారు. ఇక కలిపింది నింపినవాడే కదా?"

"వంటింటి డబ్బా విన్స్ చేతికి రాదు."

"స్టవ్వు పాడైందని వంటవాడు ఏడిస్తే దాన్ని నేను కోర్టు ముందు పెట్టాలా? మీ దగ్గర వాడ్లీ గురించి ఏముంది? ఎవరైనా చూశారా? సరుకు దొరికిందా?"

ఏమీ లేదు. పీపాల తాళాలు ఆయన దగ్గరుంటాయన్న మాట ఒక్కటే ఉంది. అది నాకూ తెలుసు కాబట్టే కోపం ఎక్కువైంది. "కనీసం పీపాల దగ్గర కాపలా పెట్టించండి" అన్నాను.

"రేపు నా మనుషులు వస్తారు, అప్పుడు పెట్టిస్తాను. బ్రెసాన్‌ని మాత్రం ఇవాళే తీసుకెళ్తున్నాను. రైల్లో కాదు. పొద్దున దిగిన బాంబరు విమానం మూడింటికి బ్రిస్బేన్ తిరిగి వెళ్తోంది, అందులో. మీరు ఇక్కడే ఉండి వంటింట్లో నేరపరిశోధన చేసుకోండి."

"మీకు కావలసింది దోషి కాదు, ఒక పేరు."

"పేర్లే యుద్ధాలు చేస్తున్నాయి సార్జెంట్." వాడు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆపే అధికారం నాకు లేదు. స్థావరం కమాండరు ఉదయమే పోర్ట్ మోర్స్‌బీ వెళ్లాడు. సరే, ఆపలేనప్పుడు వాడుకోవాలి. లోరిమర్‌ని పక్కకి పిలిచాను.

"ఆ బాంబరుకి పెట్రోల్ నింపాలి కదా? ముందు వరస పీపాల్లోంచి నింపించండి. అవి శుభ్రంగా ఉన్నాయని మనిద్దరం చూశాం. కానీ ఎవరికీ చెప్పకండి. నేను స్టోరుకి వెళ్లి, వెనక వరసలోంచి నింపారని వాడ్లీకి చెబుతాను. ఆ పీపాల్లో ఏముందో తెలిసినవాడికి ఇంకో విమానం కూలబోతోందని తెలిస్తే, మొహం దాచుకోవడం అంత తేలిక కాదు."

"మొహమే సాక్ష్యమా?" అన్నాడు లోరిమర్.

"మొహం దొరికితే మిగతావి దొరుకుతాయి. ఎన్నిసార్లు చూశానో."

పన్నాగం బాగుందనిపించింది. చెప్పకేం, కాస్త గర్వపడ్డాను కూడా.

నేను వెళ్లేసరికి వాడ్లీ స్టోరు గుడారంలో టీ కాస్తున్నాడు. నన్ను చూసి ఇంకో కప్పు తీశాడు. గుడారం వెనక గోడ పీపాలవైపు ఉంది, కాన్వాసు దించి ఉండడంతో అటు ఏమీ కనబడదు. పెట్రోల్ లారీ ఇంజన్ శబ్దం మాత్రం వినిపిస్తోంది. పీపాలు తెచ్చి బాంబరుకి పోసి ఖాళీవి తిరిగి దింపుతున్నారు.

"కూర్చోండి సార్జెంట్. బిస్కెట్లు గట్టిగా ఉంటాయి, ముంచుకు తినండి." గొంతు మామూలుగానే ఉంది. కానీ కప్పు అందిస్తుంటే సాసరు గలగలలాడింది. నుదుటి మీద చెమట. పొద్దున ఎండలో నిలబడినప్పుడు లేని చెమట, ఇప్పుడు నీడలో పడుతోంది.

"ఆ లారీ దేనికి? విమానాలన్నీ ఆపేశారుగా?" అన్నాడు.

"బ్రిస్బేన్ వెళ్లే బాంబరుకి. హార్డేకర్ విన్స్‌ని తీసుకెళ్తున్నాడు."

"ఇవాళేనా!" కప్పు కింద పెట్టాడు. "రైల్లో అన్నారుగా?"

"మనసు మార్చుకున్నాడు. ఐదుగురు వెళ్తున్నారు."

వాడ్లీ లేచి కాన్వాసు ఎత్తబోయి, మళ్లీ కూర్చున్నాడు. అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. గేలం పడింది అనుకున్నాను. తొందరపడకుండా బిస్కెట్టు ముంచుకుని, తిని, తీరిగ్గా అన్నాను.

"వెనక వరస పీపాల్లోంచి నింపుతున్నారు."

ఆయన కళ్లలోకే చూస్తున్నాను. భయం కోసం చూస్తున్నాను.

రాలేదు.

ఊపిరి వదిలాడు. పొడుగ్గా, కడుపులోంచి వదిలాడు. భుజాలు కిందికి జారాయి. నుదురు తుడుచుకుని, చేయి చాపి బిస్కెట్టు తీసుకున్నాడు. "వెనక వరసా? మంచిది మంచిది. పాతవి ముందు వాడెయ్యాలి, స్టోరు పద్ధతి అదే" అని నమలడం మొదలుపెట్టాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఇతను కాదా? పొద్దున్నించి కట్టుకుంటూ వచ్చిందంతా తప్పా? వెనక వరసలో కిరసనాయిలుందని తెలిసినవాడు ఇలా తింటాడా? టీ తాగుతూ మళ్లీ మొదటినుంచి ఆలోచించాను. బయట లారీ ఆగింది. బాంబరు ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి.

ఏమీ తెలియనివాడికి లారీ శబ్దం వింటే చెమట ఎందుకు పట్టాలి? వెనక వరస అని చెబితే చెమట ఎందుకు ఆరాలి? తెలియనివాడికి ఏ వరసైనా ఒకటే కదా. భయం ఉంది ఇతనిలో. నేను చెప్పిన మాటే దాన్ని తీసేసింది.

అప్పుడు చూశాను ఆయన చొక్కా. పొద్దున గంజి పెట్టి తెల్లగా ఉన్నది. ఇప్పుడు పొట్ట మీద అడ్డంగా రెండు తుప్పు చారలు, ముంజేతుల మీద కూడా అవే. పీపాని ఒంటికి ఆనించి దొర్లించినవాడికి పడే చారలు. అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు ఈయన కనిపించలేదు. నేను స్నోవీ బర్నరు చూసి మురిసిపోతున్నప్పుడు, ఈయన నా పేపరు గుర్తు తెచ్చుకుని, రేపు ఎవరొచ్చి వెనక వరస తీసి చూసినా శుభ్రంగా ఉండేలా పని చక్కబెట్టుకున్నాడు.

"వాడ్లీ గారూ" అన్నాను. "నేను అబద్ధం చెప్పాను. బాంబరుకి నింపింది వెనక వరసలోంచి కాదు. ముందు వరసలోంచి."

ఆయన నమలడం ఆగిపోయింది.

"ముందు వరసా?"

"ముందు వరసే."

"ఎవరు నింపమన్నారు?"

"నేనే."

వాడ్లీ మొహంలోంచి ఆ గుండ్రటి నవ్వు, ఆ పెద్దమనిషితనం, అన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. ముసలివాడు మిగిలాడు. నావంక జాలిగా చూశాడు. దొంగలు నన్ను కోపంగా చూడటం అలవాటే, జాలిగా చూడటం మాత్రం అదే మొదటిసారి.

"అయ్యో సార్" అన్నాడు. "ఎంత పని చేశారు! అవన్నీ అక్కడికే మార్చాను. ఎనిమిదీ."

కప్పు ఎక్కడ పడిందో చూడలేదు. కాన్వాసు లాగి పారేసి రన్‌వే వైపు పరిగెత్తాను. వయసు, టీ, డబ్బా మాంసం అన్నీ కాళ్లకి అడ్డం పడుతున్నాయి. వెనక వాడ్లీ కూడా పరిగెత్తి వస్తున్నాడు, చేతులు ఊపుతూ, ఆపండి ఆపండి అని అరుస్తున్నాడు. పారిపోయే మనిషి అలా పరిగెత్తడు. లోరిమర్ రన్‌వే పక్కన నిలబడి మా ఇద్దరినీ వింతగా చూస్తున్నాడు. "ఆపించు!" అని అరిచాను. ఇంజన్ల హోరులో నా అరుపు నాకే వినబడలేదు.

బాంబరు అప్పటికే కదిలింది. దుమ్ము లేపుకుంటూ మా ముందునించి వెళ్లింది. పక్క కిటికీలోంచి విన్స్ కనిపించాడు. విమానాలకి ఇన్నాళ్లు పెట్రోల్ పోశాడే గానీ ఎప్పుడూ ఎక్కి ఉండడు. అద్దానికి ముక్కు ఆనించి కిందికి చూస్తున్నాడు. నన్ను చూసి బేడీలున్న రెండు చేతులూ కలిపి ఎత్తి ఊపాడు. వీడ్కోలు చెప్పడానికి పరిగెత్తుకొచ్చాననుకున్నాడు.

చక్రాలు నేల వదిలాయి. చెట్ల మీదికి లేచింది. లోరిమర్ నా దగ్గరికి వచ్చి ఏదో అడగబోయి, తల ఎత్తి ఆగిపోయాడు. ఆయన ఇంజనీరు కాబట్టి నాకంటే ముందు విన్నాడు. ఒక క్షణం తర్వాత నేనూ విన్నాను. ఎడమ ఇంజన్‌లోంచి, రేకు మీద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు, మొదట ఒకటి, ఆ తర్వాత రెండు, ఆ తర్వాత ఆగకుండా.